పళ్ళమ్మ నాలుగో పిలుపు

పళ్ళమ్మ ఫోటోలన్నీ ముందేసుకుని వెతికితే, నోరు మూసుకుని ఉన్నది ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఒకదాంట్లో కళ్ళు మూసుకుపోయేంత నవ్వు, ఒకదాంట్లో పక్కవాళ్ళ భుజం మీద వాలిపోయి నవ్వు, ఇంకొకదాంట్లో పళ్ళసెట్టు తీసి చేత్తో పట్టుకుని బోసినోటితో నవ్వు. సంతాప సభలో పెట్టడానికి వీటిలో ఏది పనికొస్తుందో తేలక కూతురు రెండు రోజులు సతమతమైంది. చివరికి మనవరాలే విసుక్కుంది.

"అమ్మా, అమ్మమ్మ మూతి ముడుచుకుని కూర్చుంటే, ఈవిడెవరో మాకు తెలీదని వచ్చినవాళ్ళంతా లేచిపోతారు" అని, భుజం మీద వాలిన ఫోటో తీసుకెళ్ళి పెద్దది చేయించుకొచ్చింది.

ఊళ్ళో అందరికీ ఆవిడ పళ్ళమ్మే. కట్టుడు పళ్ళు తయారుచేసే పనిశాలలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసింది. దంతవైద్యులు పంపిన నోటి ముద్రల్లో ప్లాస్టర్ పోసి దవడ అచ్చు తీయడం, దాని మీద గులాబీరంగు మైనం పరిచి, మంట మీద కాల్చిన చిన్న కత్తితో ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం ఆమె పని. పైవరసలో ఒక పన్నును మాత్రం వెంట్రుకవాసి వంకరగా పెట్టేది. ఎందుకని అడిగితే, "మరీ గీత గీసినట్టుంటే నోరు తెరవగానే అబద్ధమాడుతున్నట్టు కనిపిస్తారురా" అనేది. పని మొదలుపెట్టే ముందు ఆ మనిషి నవ్వుతున్న పాత ఫోటో తెమ్మనేది. ఫోటో లేదంటే మనిషినే పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏదో ఒకటి అని నవ్వించి, ఆ నోటి తీరు చూసుకుని పంపేది. "ఈ ఊళ్ళో సగం మంది నవ్వు నా చేతి పనే. మిగతా సగం మందికి ఇంకా పళ్ళూడలేదు, అంతే" అని ఆమె బడాయి. మనవరాలికి కళ్ళజోళ్ళ దుకాణంలో పని దొరికిన రోజున ఆమె సంబరం ఇంతా అంతా కాదు. "నేను పళ్ళు పెడతా, నువ్వు కళ్ళు పెట్టు. ఇక ముక్కొక్కటే దేవుడికి మిగిలింది" అంది.

ఆవిడ పోయిన మూడు వారాలకు, ఒక ఆదివారం పొద్దున, ఆ పనిశాలలోనే పాతవాళ్ళంతా కలిశారు. పని బల్లలు గోడలకు జరిపి కుర్చీలు వేశారు. అరల నిండా ప్లాస్టర్ దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. ఎంత తుడిచినా తెల్లటి పొడి కుర్చీల మీద ఎక్కడో ఒకచోట ఉండనే ఉంది. లేచి నిలబడ్డవాళ్ళందరూ వెనక దులుపుకుంటున్నారు. కూతురు ముందు వరసలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ మెలితిప్పుతూ కూర్చుంది. ఆమెకు అరవై ఒకటి. కర్టెన్లు కుట్టి బతికిన మనిషి. పక్కనే మనవరాలు.

కూతురి మనసు సభలో లేదు. మూడు వారాలుగా ఆమెను ఒకే ఒక్క ప్రశ్న తినేస్తోంది. చివర్లో అమ్మ నా కోసం అడిగిందా? ఆ గంటలో మంచం పక్కన ఉన్నది మనవరాలొక్కతే. రెండుసార్లు దాన్నే అడిగింది. మొదటిసారి, "నిద్రలోనే పోయిందమ్మా" అంది మనవరాలు. రెండోసారి అడిగితే అదే మాట, అంతే పొందికగా, గిన్నె తోముతూ, తల తిప్పకుండా చెప్పింది. తను కన్నపిల్ల. ఏ మాట నిజంగా చెబుతుందో, ఏ మాట అప్పజెబుతుందో తల్లికి తెలియదా?

ఆ ప్రశ్న ఎందుకంతగా పట్టుకుందో తెలియాలంటే తల్లీకూతుళ్ళ మధ్య ఉన్న ఒక పద్ధతి గురించి చెప్పాలి. కూతురికి ఆరేళ్ళప్పుడు తండ్రి పని కోసం వేరే ఊరు వెళ్ళాడు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఎవరు గడప దాటినా ఆ పిల్ల గుక్కపెట్టి ఏడ్చేది. పాలవాడు వెళ్ళిపోతున్నా ఏడ్చేది. పళ్ళమ్మ బుజ్జగించి చూసింది, బెదిరించి చూసింది, చివరికి ఒక మందు కనిపెట్టింది. విడిపోయే ముందు పిల్లతో ఏదో ఒక గొడవ పెట్టుకోవడం. బడి గుమ్మం దగ్గర, "నీ జడ ఎలకతోకలా ఉందే" అనేది. పిల్లకి ఒళ్ళు మండి, "నువ్వు పో!" అని అరిచేది. పళ్ళమ్మ నవ్వుకుంటూ పోయేది. కోపంలో ఉన్న పిల్లకి ఏడవాలని గుర్తుండేది కాదు.

పిల్ల పెద్దదయినా ఆ మందు మాత్రం మారలేదు. పెళ్ళయి వెళ్ళిపోయే రోజు బస్సు కదులుతుంటే, పదిమందీ చూస్తుండగా, "ఆగండాగండి, నా మంచి గరిటె కనబడ్డం లేదు, దీని సంచీ వెతకాలి!" అని పళ్ళమ్మ బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తింది. కొత్త పెళ్ళికూతురు సిగ్గుతో, కోపంతో ఎర్రబడిపోయి ఊరు దాటేదాకా పళ్ళు నూరుతూనే ఉంది. ఊరు దాటాక అర్థమైంది. అప్పుడు ఏడ్చింది. ఇది ఆటేనని తెలుసు. అయినా అరవై దాటాక కూడా ప్రతిసారీ కోపం నిజంగానే వచ్చేది. ఎక్కడ గుచ్చితే మండుతుందో తల్లికి అంత బాగా తెలుసు. "నిన్ను కన్నప్పుడు కంగారు ఎక్కువ పడింది, మెదడు తక్కువ పడింది" అనేది. కూతుర్ని పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది. "కంగారూ" అనే పిలిచేది.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం. మందులకనీ రిపోర్టులకనీ కూతురు రోజుకు ఇరవై సార్లు మెట్లు దిగి ఎక్కేది. మొత్తం ముప్పై ఎనిమిది మెట్లు. లెక్కపెట్టకుండా ఆమె ఏ మెట్లూ ఎక్కలేదు, అది ఆమె అలవాటు.

మూడో రోజు కింద క్యాంటీన్లో టీ తాగుతుంటే మనవరాలి ఫోన్ వచ్చింది. "అమ్మా, అమ్మమ్మ నిన్ను పిలవమంటోంది. నిజంగానే అంటోంది, త్వరగా రా." టీ అక్కడే వదిలేసి పడుతూ లేస్తూ ఎక్కింది. పళ్ళమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చెవి దగ్గరికి రమ్మని వేలితో సైగ చేసింది. కూతురు వంగింది.

"స్వెట్టరు తిరగేసి తొడుక్కున్నావే కంగారూ" అని గుసగుసలాడింది పళ్ళమ్మ. "అలాగే తిరుగుతున్నావ్, పొద్దుట్నుంచి."

అయిదో రోజు మళ్ళీ అంతే. ఈసారి చెవిలో చెప్పిన రహస్యం, "ఆ లావు నర్సు పై పళ్ళు నేను చేసినవే. వంకర పన్ను చూసి పోల్చుకున్నా."

ఏడో రోజు కూతురు మందుల కిటికీ దగ్గర వరసలో ఉంది. ఫోన్ రాగానే వరస వదిలేసి పరిగెత్తింది. మెట్ల మీద చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో, ఊపిరందక, మంచం పట్టుకుని నిలబడింది.

పళ్ళమ్మ గోడ గడియారం వంక చూసి, "ఏడు నిమిషాలు. మొన్న నాలుగే. ముసలిదానివైపోతున్నావే" అంది.

మనవరాలు కిసుక్కుమంది. కూతురు నవ్వలేదు. వరండాలోకి వెళ్ళి గోడకానుకుని ఏడ్చింది. వెనకే వచ్చిన పిల్ల మీద విరుచుకుపడింది.

"మళ్ళీ ఇలాంటి వేళాకోళానికి నాకు ఫోన్ చేశావంటే నీ మొహం చూడను. ఆవిడకి ఎలాగూ బుద్ధి లేదు, నీకైనా ఉండక్కర్లేదా? నా గుండె ఆగిపోతే ఇద్దరూ కూర్చుని నవ్వుకోండి."

"సారీ అమ్మా. ఇంకెప్పుడూ చెయ్యను" అంది మనవరాలు.

తొమ్మిదో రోజు పొద్దున పదింటికి పళ్ళమ్మ గొడవకు దిగింది.

"ఇంటికి పోయి స్నానం చేసిరా. మిషను నూనె వాసనొస్తున్నావ్."

"నా దగ్గరేం వాసనా లేదు. డాక్టరు గారు వచ్చి వెళ్ళాక పోతాను."

"డాక్టరేం నిన్ను చూడ్డానికొస్తున్నాడా? ఆ మొహం చూస్తే ఆయన కూడా రేపొస్తానంటాడు."

"అమ్మా, తొమ్మిది రోజులుగా కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నాను..."

"ఎవరు చెయ్యమన్నారే? దుప్పటి సర్దుతుంది, సర్దింది మళ్ళీ సర్దుతుంది. నువ్వు పక్కనుంటే నాకు లేని రోగాలు కూడా గుర్తొస్తున్నాయి. పో, పో. నా మనవరాలు చాలు నాకు."

ఆ చివరి మాట మాత్రం ఎక్కడో కసుక్కున దిగింది. కూతురు సంచీ భుజానికి తగిలించుకుంది.

"సరే, పోతున్నాను. ఇంక నన్ను పిలవకు."

తలుపు దాటాక వెనక నుంచి నవ్వు వినపడింది. నవ్వు తర్వాత దగ్గు.

ముప్పై ఎనిమిది మెట్లూ విసవిసా దిగింది. కింద మెట్ల పక్కనే, మంచినీళ్ళ కుళాయి దగ్గర ఒక బల్ల ఉంది. అక్కడ ఆగింది. కూర్చుంది. ఒకసారి లేచి మెట్ల దాకా వెళ్ళింది. ఇప్పుడు వెళ్తే, "చూశావా, నేను లేకుండా గంట ఉండలేదు" అని నవ్వుతుంది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎదురుగా ఎవరిదో పసిపిల్ల బన్ను తింటూ ఆమెను కళ్ళార్పకుండా చూసింది. అరవై ఒక్కేళ్ళ మనిషి, బడి గుమ్మంలో అలిగి కూర్చున్నట్టు, అలా గంటసేపు కూర్చుంది. పదకొండింటికి లేచి బస్సెక్కింది. నాలుగో స్టాపులో ఫోన్ మోగింది. "అమ్మా, వచ్చెయ్" అంది మనవరాలు. ఆ గొంతులో వేళాకోళం లేదు. తిరిగి వచ్చేసరికి పళ్ళమ్మ మొహం మీదికి దుప్పటి లాగి ఉంది. ఇంటికి పోయి వెనక్కి వచ్చిందనే అందరూ అనుకున్నారు. బల్ల మీద అలిగి కూర్చున్న సంగతి చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది.

ఇప్పుడు సభలో అందరూ లేచి తలా ఒక మాట చెబుతున్నారు. రిటైరైన హెడ్మాస్టరు గారు తన కట్టుడు పళ్ళు చూపించి, "పాతిక సంవత్సరాలు పిల్లల ముందు నవ్వలేదండీ నేను. ఈవిడ నన్ను పిలిపించి, 'మాస్టారూ, మీకు నవ్వడం రాదా, పళ్ళు లేకనా?' అని అడిగింది" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

తర్వాత చిన్నోడు లేచాడు. ఇరవై ఏళ్ళ వయసులో పళ్ళమ్మ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఇప్పుడు యాభై రెండు దాటి, బట్టతలొచ్చి, ఆ పనిశాలకంతా పెద్ద అయినా అందరికీ ఇంకా చిన్నోడే.

"ఒక ఎండాకాలం ఓనరు ఫ్యాను బాగుచేయించడం ఇవాళ, రేపు అని నాన్చుతున్నాడు" అని మొదలుపెట్టాడు. "ఒకరోజు భోజనాలయ్యి వచ్చేసరికి పెద్దమ్మ ఆ ప్లాస్టర్ బస్తాల మీద వెల్లకిలా పడి ఉంది. మొహమంతా తెల్లగా. కదలదు, మెదలదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఓనరైతే 'అమ్మా, అమ్మా' అని ఏడుపు. తీరా చూస్తే గుండెల మీద ఒక చీటీ. 'ఉక్కకు పోయాను. ఫ్యాను తిరిగాక లేపండి.'"

అరల మీద దవడలు కూడా నవ్వాయా అన్నట్టు గది దద్దరిల్లింది. ఓనరు కళ్ళు తుడుచుకుంటూ, "సాయంత్రానికల్లా తిరిగింది ఫ్యాను" అన్నాడు. ఇంకా నవ్వారు.

కూతురు పక్కన కుర్చీ చప్పుడైంది. మనవరాలు లేచి, ఎవరి వంకా చూడకుండా, వెనకున్న ప్లాస్టర్ గదిలోకి వెళ్ళిపోయింది. మొహం సున్నం కొట్టినట్టుంది. కూతురు సంచీ అక్కడే పెట్టి వెంట వెళ్ళింది.

చిన్న గది. ఒక పక్క బస్తాలు, ఒక పక్క అచ్చులు కడిగే తొట్టి. మనవరాలు కుళాయి పూర్తిగా తిప్పేసి, తొట్టి అంచు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదు. ఉక్కగా ఉంది."

"అక్కడ ఫ్యాను తిరుగుతోంది. నాతో చెప్పు."

"అమ్మా, నువ్వు వెళ్ళి కూర్చో. నీకు దణ్ణం పెడతాను."

కూతురు కుళాయి కట్టేసింది. సభలో ఇంకెవరో ఏదో అన్నారు, మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులకు మనవరాలు చెవులు మూసుకుంది.

"నేను నవ్వానమ్మా" అంది.

"ఎప్పుడు?"

"నువ్వెళ్ళిన అరగంటకి. అమ్మమ్మ కళ్ళు తెరిచి, 'మీ అమ్మని పిలవ్వే' అంది. నేను నవ్వాను. 'ఈసారి ఏం చెప్తావ్ అమ్మమ్మా, చెప్పులు మార్చి వేసుకుందనా?' అన్నాను. 'నిజంగానేనే' అంది. ఆ మాటే కదమ్మా ప్రతిసారీ అనేది! ఆ మాటే అనేది. నేను ఇంకా నవ్వాను."

కూతురు తలుపు దగ్గరికి లాగింది. 

"మూడుసార్లడిగింది. మూడోసారి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పుడైనా నాకు తెలియాలి కదా? 'అమ్మ తిడుతుంది అమ్మమ్మా, ఒద్దని మరీ చెప్పింది' అన్నాను. అప్పుడు ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వుతున్నానని... నాకోసం నవ్వింది. ఇంక అడగలేదు. కళ్ళు తలుపు వైపే పెట్టుకుంది. నేను నిద్రొస్తోందేమో అనుకుని, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను."

 మనవరాలు ముక్కు తుడుచుకుంది. "నలభై నిమిషాలుందమ్మా. అడిగినప్పట్నుంచి నలభై నిమిషాలుంది. నేను అప్పుడే ఫోన్ చేసుంటే బస్సు దిగి వెనక్కొచ్చేదానివి. అందేదానివా? నాకు అదొక్కటే కావాలి. అందేదానివా?"

మొదట వచ్చింది కోపమే. చెంప ఛెళ్ళుమనిపించాలన్నంత కోపం. చచ్చిపోతూ అడిగితే నవ్వుతావుటే! ఆ మాట నాలుక చివరికి వచ్చి ఆగింది. మళ్ళీ ఫోన్ చేస్తే నీ మొహం చూడనన్నది ఎవరు? ఇంక నన్ను పిలవకు అన్నది ఎవరు?

ముప్పై ఎనిమిది మెట్లు. ఎంత మెల్లగా ఎక్కినా రెండు నిమిషాల పని. పైన అమ్మ తలుపు వైపు చూస్తూ ఉంటే, ఆ గది కిందే, కుళాయి పక్కన, తను బింకంగా కూర్చుని ఉంది. ఆ బల్ల మీది నుంచి లేచి మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయింది కూడా. బహుశా అప్పుడే అడుగుతోందేమో.

మనవరాలు ఆమె మొహంలోకి చూస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. ముందింకా ఎంత బతుకుందో. ఈ నలభై నిమిషాలూ దానితోనే నడుస్తాయి.

"అందేదాన్ని కాదు" అంది కూతురు. గొంతు మామూలుగానే వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "కిందకి దిగగానే బస్సు దొరికింది. పదిన్నరకల్లా ఇంట్లో ఉన్నాను. నీళ్ళు పోసుకుంటున్నాను. ఫోన్ సంచీ అడుగున ఎక్కడో ఉంది. మోగినా వినపడేది కాదు. వినపడినా, మళ్ళీ మొదలెట్టారు ఇద్దరూ అని ఎత్తేదాన్ని కాదు."

"మరి నేను పదకొండుంబావుకి చేస్తే వెంటనే ఎత్తావు కదా?"

"అప్పటికి తిరిగి బయల్దేరాను. కోపం చల్లారి మళ్ళీ బస్సెక్కాను. చేతిలోనే ఉంది ఫోను."

"నిజంగానా అమ్మా?"

"నిజంగానే."

మనవరాలు తల ఆమె భుజం మీద ఆనించి, ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా ఒక్కసారిగా వదిలేసింది. ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. కూతురు దాని వీపు నిమురుతూ నిలబడింది. ఆమె కంట్లోంచి చుక్క రాలేదు. ఇప్పుడు ఏడిస్తే పిల్లకి అనుమానం వస్తుంది. ఏ మాటకి ఏడుస్తోందో అడుగుతుంది.

"పో, మొహం కడుక్కుని వెళ్ళి కూర్చో" అంది చివరికి. "చిన్నోడు ఇంకా ఏవేవో చెబుతాడు. వినాలి మనం. నవ్వొస్తే నవ్వు. నవ్వినందుకు ఆవిడేం బాధపడదు."

"నువ్వు?"

"చెయ్యంతా ప్లాస్టర్ పిండైంది. కడుక్కుని వస్తా."

మనవరాలు వెళ్ళింది. కూతురు కుళాయి తిప్పి, పిండేమీ లేని చేతులు నీళ్ళ కింద పెట్టింది. అడిగింది. అమ్మ తన కోసం అడిగింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్నాళ్ళూ అన్నం సయించనిది. ఇప్పుడు దొరికింది. ఎవరితోనూ చెప్పుకోవడానికి లేకుండా దొరికింది.

"అక్కా!" సభలోంచి చిన్నోడు కేకేశాడు. "ఎక్కడున్నావ్? నువ్వొక్క మాట చెప్పాలి, అందరూ నీ కోసమే చూస్తున్నారు."

"వస్తున్నాను" అంది కూతురు. నీళ్ళ చప్పుడులో ఆ మాట అవతలికి వినపడలేదు. కుళాయి కట్టి ఇంకోసారి అనబోయి, మళ్ళీ పూర్తిగా తిప్పేసింది.  తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.